ఎన్‌టీ స్కాన్‌కీ టిఫా స్కాన్‌కీ మధ్య భయంతో నిద్ర పట్టడం లేదు, ఇంకో స్కాన్ చేయించుకోవచ్చా?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మొదటి కాన్పు. పదిహేనో వారం నడుస్తోంది. పన్నెండో వారంలో తీసిన ఎన్‌టీ స్కాన్, అంటే బిడ్డ మెడ వెనక నీటి మందం కొలిచేది, బాగానే వచ్చింది. బిడ్డ అవయవాలన్నీ విడివిడిగా చూసే టిఫా స్కాన్ ఆగస్టు మొదట్లో చేయించుకోమన్నారు. ఈలోపు వాంతులు ఆగిపోయాయి, పొట్ట పెద్దగా తెలియడం లేదు, కదలిక ఇంకా లేదు. "లోపల బిడ్డ ఉందో లేదో" అన్న ఆలోచనతో రాత్రి రెండింటికి లేచి ఫోన్ చూస్తూ కూర్చుంటున్నారు. మీది పి.గన్నవరం దగ్గర లంక ఊరు. అమలాపురం వెళ్లి మధ్యలో ఒక స్కాన్ చేయించుకోవచ్చా, లేదంటే గుండె చప్పుడు వినే మిషన్ ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ఇంట్లోనే వినొచ్చా అన్నది మీ ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను. రక్తం కనపడటం, కడుపునొప్పి, నీరు పోవడం లాంటివేమీ లేకపోతే మధ్యలో స్కాన్ అక్కర్లేదు. ఆ మిషన్ కొనకండి. అలాగని ఈ నాలుగైదు వారాలూ పంటి బిగువున గడపమనీ అనను. మధ్యలో ఒకసారి డాక్టరు దగ్గరకు వెళ్లి బిడ్డ గుండె చప్పుడు వినండి. ఆ రోజే "నాకు భయంతో నిద్ర పట్టడం లేదు" అన్న మాట కూడా చెప్పండి. మొన్నటిదాకా వాంతుల గురించి ఎలా చెప్పుకున్నారో అలాగే చెప్పండి. అదీ చూపించుకోవలసిన బాధే.

నేను డాక్టర్ని కాదు. కోనసీమలో ఇరవయ్యేడేళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను, చాలావరకు ప్రసూతి వార్డులో, చివరి పదేళ్లు గర్భిణుల ఓపీలో. మీరు అడిగిన ప్రశ్న ఆ ఓపీ బెంచీ మీద ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఎక్కువగా పద్నాలుగు నుంచి ఇరవై వారాల మధ్య ఉన్నవాళ్లే అడిగేవారు. దానికి కారణం ఉంది.

మొదటి మూడు నెలలు వాంతులు, నీరసం, రొమ్ముల నొప్పి, వాసనలు పడకపోవడం. కష్టంగానే ఉంటుంది కానీ కడుపుతో ఉన్నానన్న సంగతి ఒంటికి తెలుస్తూనే ఉంటుంది. ఆరో నెల వచ్చేసరికి బిడ్డే తన్ని చెబుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న వారాల్లో మాత్రం ఒళ్లు ఏ కబురూ పంపదు. వాంతులు తెప్పించే హార్మోను తొమ్మిది, పది వారాల దగ్గర బాగా ఎక్కువగా ఉండి, తర్వాత తగ్గుతుంది. అందుకే చాలామందికి పన్నెండు, పద్నాలుగు వారాలకల్లా అన్నం సయిస్తుంది. అది బిడ్డకు ఏదో అయిందన్న గుర్తు కాదమ్మా, అందరికీ జరిగేదే. పొట్ట కనపడకపోవడమూ అంతే. పదిహేనో వారంలో గర్భసంచి ఇంకా బొడ్డుకు చాలా కిందనే ఉంటుంది. కదలిక అయితే తొలిచూలులో పద్దెనిమిది, ఇరవై వారాలకు గానీ తెలియదు, ఇరవై రెండు కూడా కావచ్చు. మాయ (ప్లాసెంటా) గర్భసంచి ముందు గోడకు ఉంటే ఇంకాస్త ఆలస్యం. రెండో కాన్పువాళ్లు పదహారో వారంలోనే తెలిసిందంటారు, వాళ్లతో పోల్చుకోకండి. ఇరవై నాలుగు వారాలు నిండినా కదలిక తెలియకపోతే అప్పుడు డాక్టరుకు చెప్పాలి.

మరి స్కాన్‌కీ స్కాన్‌కీ మధ్య ఇంత ఎడం ఎందుకు పెట్టారు? మిమ్మల్ని పట్టించుకోక కాదు. ఎన్‌టీ స్కాన్ పదకొండు వారాల నుంచి పదమూడు వారాల ఆరు రోజుల లోపే చేయాలి, ఆ తర్వాత మెడ వెనక నీటి మందం కొలత పనికిరాదు. టిఫాలో గుండె గదులు, వెన్నెముక, కిడ్నీలు, పెదవి విడివిడిగా చూడాలి. అవి సరిగా కనపడాలంటే బిడ్డ పద్దెనిమిది వారాలైనా దాటాలి. పదహారో వారంలో మీరు స్కాన్‌కి వెళ్తే వాళ్లు చెప్పగలిగేది గుండె కొట్టుకుంటోందనీ, పెరుగుదల సరిపోయిందనీ. మిగతాది "టిఫాలో చూద్దాం" అనే పంపిస్తారు. ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చి మళ్లీ దిగులు పడతారు.

స్కాన్ ఎక్స్‌రే లాంటిది కాదు, శబ్ద తరంగాలతో చేస్తారు, బిడ్డకు హాని చేసినట్టు ఇప్పటిదాకా తేలలేదు. అందుకని హాని జరుగుతుందనో డబ్బు దండగనో నేను వద్దనడం లేదు. అది ఇచ్చే ధైర్యం రెండు మూడు రోజులకు మించి నిలవదు. నేను చూసినంతలో, నాలుగో రోజుకి భయం మళ్లీ వస్తుంది. ఈసారి ఇంకో స్కాన్ అయితే తప్ప తగ్గనంటుంది.

ఒక అమ్మాయి గుర్తొస్తోంది. ముమ్మిడివరం వైపు నుంచి వచ్చేది. పదమూడో వారం నుంచి పద్దెనిమిదో వారం లోపు మూడు చోట్ల నాలుగు స్కాన్లు చేయించుకుంది. ఒకచోట చేయించుకున్నట్టు ఇంకోచోట చెప్పలేదు. మూడో స్కాన్ రిపోర్టులో "మాయ కిందుగా ఉంది" అని రాశారు. అంతే, అత్తగారు మంచం దిగనివ్వలేదు. రెండు నెలలు పడుకునే ఉంది. కాళ్లు నీరు పట్టాయి, మలబద్ధకం, ఏడుపు. నిజానికి ఆ వారాల్లో మాయ కిందుగా ఉండటం మామూలు విషయం. గర్భసంచి పెరిగేకొద్దీ అది పైకి జరుగుతుంది. ఇరవై వారాల దగ్గర కిందుగా ఉన్నవాళ్లలో పదిమందికి తొమ్మిదిమందికి కాన్పు నాటికి సర్దుకుంటుంది. ఆ అమ్మాయికీ ముప్పై రెండో వారానికి పైకి వెళ్లిపోయింది, మామూలు కాన్పే అయింది. ఆ నాలుగు స్కాన్లు చేయించుకోకపోతే ఆ రెండు నెలలూ తను హాయిగా తిరిగేది.

ఇక ఆ మిషన్ సంగతి. మన వైపు భర్తలు గల్ఫ్‌లో ఉండే ఇళ్లు ఎక్కువ కదా, అక్కడి నుంచి ప్రేమగా పంపిస్తారు. ఒకావిడకు అలాగే పంపారు. పదమూడో వారం. రాత్రి పొట్ట మీద పెట్టి అరగంట వెతికినా చప్పుడు దొరకలేదు. ఆ వారాల్లో అలవాటున్న మా చేతులకే ఒక్కోసారి వెంటనే దొరకదు. ఆ రాత్రి ఆటో కట్టించుకుని వాళ్లమ్మా ఆవిడా ఏడుస్తూ వచ్చారు. బిడ్డ నిక్షేపంలా ఉంది. ఇది ఒక రకం. రెండో రకం నాకు ఇంకా భయం. ఏడు, ఎనిమిది నెలల్లో కదలిక తగ్గినప్పుడు ఆ మిషన్‌లో ఏదో ఒక చప్పుడు వినిపిస్తుంది. అది తల్లి నాడి కావచ్చు, మాయలో రక్తం పారే శబ్దం కావచ్చు. అదే బిడ్డ గుండె అనుకుని ఇంట్లోనే ఉండిపోతారు. ఆస్పత్రికి రావలసిన సమయం చేజారిపోతుంది. బిడ్డ క్షేమానికి మిషన్ చప్పుడు సాక్ష్యం కాదు. నెలలు నిండేకొద్దీ కదలికే సాక్ష్యం.

మరి ఈ వారాలు ఎలా గడపాలి? ముందు ఆ దూరాన్ని సగానికి కోయండి. రెండో నెల నుంచి నెలకోసారి చూపించుకుంటున్నారు కాబట్టి మధ్యలో ఒక చెకప్ ఉండే ఉంటుంది. లేకపోతే ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లో నాలుగో నెల నుంచి గర్భిణులను డాక్టరు ఉచితంగా చూస్తారు. 2016 నుంచి నడుస్తోంది. మీ ఆశా కార్యకర్తకు చెబితే ఏ ఆస్పత్రికి రావాలో చెబుతారు. ఆ రోజు బీపీ, బరువు, రక్తం, మూత్రం చూస్తారు. గుండె చప్పుడు వినే చేతి మిషన్, డాప్లర్ అంటారు, వాళ్ల దగ్గర ఉంటుంది, పదహారో వారానికి గుండె చప్పుడు దాదాపు అందరికీ దొరుకుతుంది. "నాకూ వినిపించండి" అని అడగండి. అడగడానికి మొహమాటపడకండి. నిమిషానికి 110 నుంచి 160 సార్ల మధ్య కొట్టుకుంటూ, మన గుండె కంటే బాగా వేగంగా ఉంటుంది. గుర్రం పరుగులా ఉందని చాలామంది అంటారు.

ఓపీలో రద్దీ ఉంటుంది, నాకు తెలుసు. రెండు నిమిషాల్లో పంపించేస్తారు. నేను పనిచేసిన ఒక చోట రోజుకు నూటపాతిక మంది వచ్చేవాళ్లు, ఎంత మంది ముఖాల్లో భయం చూసి కూడా అడగలేకపోయానో ఇప్పటికీ బాధే. అందుకే కాగితం రాసుకుని వెళ్లండి. రాత్రి వచ్చిన ప్రశ్నలన్నీ ఒక నోటు పుస్తకంలో రాయండి, వెళ్లే ముందు రోజు వాటిలో మూడు ఏరుకోండి. చాలా ప్రశ్నలు తెల్లారేసరికి వాటంతటవే చిన్నవైపోతాయి. మిగిలినవి అడగవలసినవే.

ఆ పుస్తకానికి ఒక వేళ పెట్టండి. సాయంత్రం దీపాలు పెట్టే ముందు ఒక అరగంట, ఆ అరగంటా భయపడటానికే. ఏ భయం ఉందో రాయండి, పక్కన దాని గురించి ఏం తెలుసో రాయండి. మిగతా రోజంతా ఆలోచన వస్తే "సాయంత్రం చూద్దాం" అని పక్కన పెట్టండి. మొదటి నాలుగైదు రోజులు మాట వినదు. తర్వాత వింటుంది. మానసిక వైద్యులు కూడా వాడే పద్ధతే ఇది, నేను కాకినాడలో ఒక శిక్షణలో నేర్చుకున్నాను. రాత్రి మెలకువ వచ్చినప్పుడు నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. వదిలేది ఎక్కువసేపు ఉండాలి, అది ముఖ్యం. పది నిమిషాలు చేయండి. ఫోన్ మాత్రం మంచం దగ్గర వద్దు, పక్క గదిలో ఛార్జింగ్ పెట్టండి.

ఫోన్ గురించి ఇంకొక్క మాట. చాలామంది ఎన్‌టీ రిపోర్టులోని అంకెల్ని వెతికి భయపడతారు. మీరు మీ రిపోర్టులో "4200లో 1" అని ఉందని, అంటే ముప్పు ఉన్నట్టేనా అని అడిగారు. కాదమ్మా. ఇలాంటి ఫలితం వచ్చిన 4200 మంది తల్లుల్లో ఒక్కరి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ లాంటి పుట్టుకతో వచ్చే సమస్య ఉండొచ్చు, 4199 మంది బిడ్డలకు ఉండదు అని దాని అర్థం. అది తక్కువ ముప్పు ఉన్న ఫలితం. ఇది పరీక్షే, హామీ పత్రం కాదు, ఆ నిజం దాచను. కానీ పన్నెండు వారాలకు గుండె చక్కగా కొట్టుకుంటూ, ఎన్‌టీ మామూలుగా ఉన్నాక గర్భం పోవడం నూటికి ఒకరిద్దరికి మించి జరగదు. అంతకు ముందు వారాలతో పోలిస్తే మీరు చాలా గట్టి నేల మీద ఉన్నారు.

పడుకునే పక్క గురించి కూడా భయపడుతున్నారు. ఇప్పుడు మీకు ఎలా వీలైతే అలా పడుకోండి. ఇరవై ఎనిమిది వారాల తర్వాత నిద్రకు ఉపక్రమించేటప్పుడు ఎడమో కుడో ఒక పక్కకు తిరిగి పడుకుంటే చాలు. మధ్యలో మెలకువ వచ్చి చూస్తే వెల్లకిలా ఉన్నారనుకోండి, మళ్లీ పక్కకు తిరగండి, అంతే.

ఇంట్లోవాళ్ల మాటలు. "పొట్టే లేదేంటి", "మా కోడలికి ఈపాటికే కదిలింది", "మా రోజుల్లో స్కాన్లెక్కడివి, పదిమందిని కన్నాం". ఈ చివరి మాట చాలా అన్యాయమైనది. మా అమ్మమ్మ ఎనిమిది కాన్పుల్లో ముగ్గురు బిడ్డల్ని పోగొట్టుకుంది. ప్రతిసారీ అంతర్వేది స్వామికి ముడుపు కట్టుకుని తొమ్మిది నెలలూ వణికిపోయేదట. వాళ్లకూ భయం ఉండేది, చెప్పుకోవడానికి మనిషి ఉండేవారు కాదు. మీ ఆయన "ఏం కాదులే" అని అటు తిరిగి పడుకుంటున్నారని రాశారు. ఆయన ప్రేమ లేక అనడం లేదు, ఏమనాలో తెలియక. ఇది ఆయనకు చదివి వినిపించండి: బాబూ, "ఏం కాదు" అనకు. "ఏం భయంగా ఉంది, చెప్పు" అని అడిగి పది నిమిషాలు విను. చెకప్‌కి తనతో పాటు వెళ్లి ఆ గుండె చప్పుడు నువ్వూ విను.

ఇంకో సంగతి పైకి ఎవరూ చెప్పరు. కొందరి భయం బిడ్డ బాగుందా లేదా అని కాదు, అబ్బాయా అమ్మాయా అని. ఇంట్లోవాళ్లు అబ్బాయి కోసం ఎదురుచూస్తుంటే స్కాన్ అనగానే గుండె దడ. లింగ నిర్ధారణ 1994 చట్టం ప్రకారం నేరం, అడిగినా నేరమే, చెప్పినా నేరమే. మీ ఇంట్లో అలాంటి ఒత్తిడి ఉంటే అది మీ మనసు బలహీనత కాదు, వాళ్ల తప్పు. నర్సుకో ఏఎన్‌ఎంకో విడిగా చెప్పండి.

భయం చెప్పే మాట మనం ఎప్పుడు వినాలి, ఎప్పుడు వినకూడదు అన్నది అన్నిటికంటే ముఖ్యం. 2022 జూలైలో గోదావరి వరదకు లంకలు మునిగినప్పుడు ముప్పై మూడో వారంలో ఉన్న ఒకావిడ పునరావాస కేంద్రంలో ఉంది. పొద్దుటి నుంచి బిడ్డ కదలిక తగ్గిందంది. చుట్టూ ఉన్నవాళ్లు వరద టెన్షన్ అన్నారు. ఆవిడ ఊరుకోలేదు, పడవ మీద గట్టు చేరి 108లో వచ్చింది. బిడ్డ గుండె రికార్డింగ్ బాగాలేదు, వెంటనే ఆపరేషన్ చేశారు. కేజీ ఎనిమిది వందల గ్రాముల పాప. కొన్ని వారాలు నవజాత శిశువుల వార్డులో ఉండి బతికింది. ఆవిడకు మామూలుగా పెద్ద భయస్తురాలని పేరేమీ లేదు. ఒంట్లో ఒక మార్పు గమనించింది, అది చెప్పింది.

తేడా అదే. "ఏమవుతుందో" అన్నది ఆలోచన, దానికి సాయంత్రం అరగంట చాలు. ఒంట్లో కొత్తగా కనిపించిన మార్పుకు మాత్రం సాయంత్రం దాకా ఆగకూడదు. రక్తం కనపడటం, నీరు పోవడం, తగ్గని కడుపునొప్పి, జ్వరం, మూత్రంలో మంట ఉంటే ఏ వారమైనా వెళ్లాలి. ఇరవై వారాల తర్వాత తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం చేతులు ఉన్నట్టుండి వాయడం. ఇరవై ఎనిమిది తర్వాత మామూలు కంటే కదలిక తగ్గడం. ఇవి కనిపిస్తే రాత్రైనా, వరదైనా 108కి ఫోన్ చేయండి. "ఊరికే వచ్చావు" అని ఎవరైనా విసుక్కున్నా ఫర్వాలేదు. ఊరికే వచ్చినవాళ్లను ఇంటికి పంపడం మాకు సంతోషమే.

ఇక మీ నిద్ర. మిమ్మల్ని రెండు ప్రశ్నలు అడుగుతాను. గడిచిన రెండు వారాల్లో సగం రోజుల కంటే ఎక్కువగా కంగారుగా, గుండె దడగా ఉందా? ఆ ఆలోచన ఆపాలన్నా ఆపలేకపోతున్నారా? రెండింటికీ అవుననే అంటే, అన్నం సయించకపోతే, తెల్లవార్లూ మెలకువే అయితే, ఇది డాక్టరుకు చెప్పి తీరాలి. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అదే రోజు చెప్పాలి. 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటారు. ఒకమ్మాయికి ఇలాగే ఉంటే గాలి సోకిందని తాయెత్తు కట్టించి నెలన్నర వృథా చేశారు. తర్వాత మానసిక వైద్యుల దగ్గరకు పంపాం. మందులు కూడా వాడలేదు, వారానికోసారి కూర్చోబెట్టి మాట్లాడారు. ఆరు వారాలకు నవ్వుతూ వచ్చింది. కొందరికి మందు అవసరం పడుతుంది, గర్భిణులకు వాడదగినవి ఉన్నాయి. ముందు నుంచే ఏదైనా మందు వాడుతుంటే కడుపొచ్చిందని మీ అంతట మీరు ఆపేయకండి, డాక్టర్ని అడిగాకే ఏ మార్పైనా.

చివరగా టిఫా రోజు గురించి. పద్దెనిమిది నుంచి ఇరవై రెండు వారాల మధ్య ఎప్పుడైనా చేయొచ్చు, మీరు పంతొమ్మిదో వారానికి పెట్టించుకోండి. ఆగస్టు అంటే మీ లంకకు వరద రోజులు. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక, అంటే పది లక్షల క్యూసెక్కులు, వచ్చాక కదలడం కష్టం. నీళ్లు పెరుగుతున్నాయని వినగానే రెండు రోజులు ముందు అమలాపురంలో మీ పిన్నిగారింటికి వెళ్లిపోండి. వరద వల్ల వారం జరిగినా నష్టం లేదు, అందుకే ముందు తేదీ పెట్టుకోమంటున్నాను.

స్కాన్ గదిలో డాక్టరు మాట్లాడకుండా తెరకేసి చూస్తుంటే గుండె ఆగినంత పనవుతుంది. వాళ్లు కొలతలు తీస్తూ ఉంటారు, అందుకే మౌనం. అరగంట పైనే పట్టొచ్చు. "బిడ్డ తిరిగి ఉంది, కాస్త నడిచి రండి" అంటే అది చెడు కబురు కాదు, ముఖమో వెన్నో కనపడటం లేదని అర్థం. రిపోర్టులో "గుండెలో తెల్లటి చుక్క" అనో "మెదడులో చిన్న నీటి బుడగ" అనో ఉంటే, అది ఒక్కటే ఉండి మిగతావన్నీ బాగుంటే చాలావరకు భయపడేది కాదు. కానీ ఇంటికొచ్చి ఫోన్‌లో వెతక్కుండా, రిపోర్టు పట్టుకుని అదే రోజు మీ డాక్టర్ని కలవండి. తల్లీబిడ్డల కార్డు, ఎన్‌టీ రిపోర్టు, రక్త పరీక్షలు ఒకే సంచిలో పెట్టుకోండి. మీ ఆయన్ని సెలవు పెట్టమనండి.

రేపు పొద్దున్నే ఆశా కార్యకర్తకు ఫోన్ చేసి ఈ నెల 9న ఎక్కడికి రావాలో కనుక్కోండి. గుండె చప్పుడు విన్నాక ఎలా ఉందో నాకు రాయండి, ఎదురుచూస్తుంటాను.